ఐదో గడి

చిక్కపేట మెట్రోలో దిగి, అవెన్యూ రోడ్డులో
కిలోల లెక్కన కొన్న పుస్తకాలు అరవై ఒకటి.
అన్నిట్లోనూ రాకెట్టో, రెక్కల గుర్రమో, రెండు సూర్యుళ్ళో.
ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చదువుతాను నేను.
ధాత్రి ఫ్యాను కింద తలకిందులుగా పడుకుని వింటుంది.
ఒక్క వాక్యం ఎగ్గొట్టినా
మడమతో గోడని రెండుసార్లు తడుతుంది.
వెనక్కి వెళ్ళాలి.

చదవడం అయ్యాక లెక్క.
తొమ్మిదేళ్ళ పిల్ల, గళ్ళ నోటుబుక్కు, పచ్చ పెన్సిలే కావాలి.
ఒకటో గడి: మన రంగు ఉన్నవాళ్ళు.
రెండు: ఓడ నడిపిన ఆడపిల్లలు.
మూడు: చెవులు మూసుకునేవాళ్ళు.
నాలుగు: చివర్లో బాగైపోయినవాళ్ళు.

నాలుగో గడి ఎప్పుడో నిండిపోయి పక్క పేజీకి పాకింది.
మాటరాని రాకుమారుడొకడు మాయ ఊటలో మునిగి
గలగలా మాట్లాడుతూ లేచిన పుస్తకాన్ని
తీసుకెళ్ళి ఫ్రిజ్జులో పెట్టింది, పెరుగు గిన్నె పక్కన.
ఎందుకే అంటే జవాబు లేదు.
తీయబోతే నా చెయ్యి పట్టుకుంది.

మూడో గడిలో ఒకే ఒక్క గీత.
మర్నాడు అదీ చెరిపేసింది.
వాడు మనిషి కాదు, మరమనిషి.
చుట్టాలు ముద్దుగా అనే మాటే అది,
"రోబోలా భలే లెక్కలు చేస్తుందే మీ పిల్ల" అని.
మిక్సీ వేస్తే మంచం కింద దూరి ఏడ్చే పిల్ల.
మిక్సీకి మిక్సీ అంటే భయం ఉంటుందా?

ఇరవై మూడో పుస్తకం దగ్గర నా గొంతు పట్టేసింది.
ఎక్కడి గ్రహమో. ఏడు కాళ్ళ జీవి.
ఒకటే చప్పుడు, మళ్ళీ మళ్ళీ.
పండితులు పదకొండేళ్ళు దాని ఎదురుగా కూర్చున్నారు
ఒక్కో చప్పుడికీ అర్థం రాసుకుంటూ, విసుక్కోకుండా.

ఆకలైతే ధాత్రి "ముందిన నిల్దాణ" అంటుంది,
మెట్రోలో ఆవిడ గొంతుతో, ఆ కన్నడపు విరుపుతో సహా.
ఇక చాలు అనడానికి "బాగిలుగళు ఎడక్కె తెరెయుత్తవె."
తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి,
అంటే, నేనిక్కడ దిగిపోతాను.
మల్లేశ్వరంలో బడివాళ్ళు
పదకొండు నిమిషాలు విని ఫారం వెనక్కిచ్చారు.

ఆ జీవి నువ్వేనా, అన్నాను.
కిటికీ ఊచలు లెక్కపెడుతూనే చెప్పింది:
"కాదు. దానికి ఏడు కాళ్ళు."
తప్పు నాదే.

నిన్న రాత్రి వాన, కరెంటు పోయింది.
టార్చి వెలుగులో స్కేలు పెట్టి కొత్త గీత గీసింది.
ఐదో గడి: మెట్లెక్కలేని పెద్దమ్మలు.
పుస్తకాలన్నీ మళ్ళీ మొదటి నుంచీ తిరగేసింది.
కుంటి మంత్రగత్తెలు ఇద్దరు దొరికారు,
ఇద్దరూ పిల్లల్ని తినేవాళ్ళే.
వేయాలా వద్దా అని చాలాసేపు పెన్సిలు కొరికింది.
చివరికి సున్న చుట్టింది, గుండ్రంగా, రెండుసార్లు దిద్ది.

యాభై నాలుగేళ్ళు వచ్చాయి.
ఇన్ని కథలు విన్నాను, చదివాను, చెప్పాను.
వాటిలో నేను లేనని నాకు తట్టనే లేదు.

పొద్దున చూస్తే చివరి పేజీలో ఓడ.
అందులో లిఫ్టు ఉంది. లిఫ్టు పక్కన కుర్చీ, కుర్చీలో నా చీర.
ఇంజను గదిలో చెవులకి పచ్చ డిప్పలు పెట్టుకున్న పిల్ల,
ఎక్కడో వదులైన ఒక్క నట్టు చప్పుడు
తనకొక్కదానికే వినిపిస్తోందట.
కెప్టెన్ ఎక్కడే అంటే భుజాలెగరేసింది.
ఈ మూల డబ్బా ఏమిటి?
"ఫ్రిజ్జు."
లోపల?
"రాకుమారుడు. ఊట పేజీ రాకముందే తెచ్చేశాను.
పాడైపోకుండా."

ఇంకా ఏదో అడగబోయాను.
"ముందిన నిల్దాణ" అంది.
ఆకలో, ప్రయాణమో తెలియలేదు.
మోకాలు పట్టుకుని
రెండింటికీ లేచాను.